బరువు మీదనే తెలుస్తది

మా తాత మోటలు కుట్టిండు. మా అయ్య పటేలు ఇంట్లో పదమూడేండ్లు జీతం ఉన్నడు. నేను డిగ్రీ, బీఎడ్ చేసి సర్కారు బడిలో సైన్సు చెప్తున్న. మా తమ్ముడు పదో తరగతితో ఆగి బండి స్టీరింగు పట్టిండు. మూడు తరాల్లో నాలుగు పనులు. ఈ నాలుగింట్లో ఒంటికి మట్టీ మసీ అంటనిది నా పని ఒక్కటే. అందుకే ఊర్లో నన్ను 'సార్' అంటరు, వాన్ని 'ఏరా డ్రైవరూ' అంటరు. పని మారితే పిలుపు మారుతది. చూపు మాత్రం మారదు. సారు దగ్గరైనా, డ్రైవరు దగ్గరైనా, ఏదన్నా తేడా వస్తే ఆ చూపు మొదట మా పుట్టుక మీదికే పోతది. 2022 ఎండాకాలంలో తమ్ముని పికప్ బండికి వచ్చిన ఒక రోగం ఈ సంగతిని నాకు నట్టూ బోల్టూ విప్పినట్టు విప్పి చూపింది.

ఇంజన్ రిపేరు కూడా ఆత్మకథేనా అని కొందరు మిత్రులు అడుగుతరు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనవాళ్లు రాసిన కవితలూ కథలూ హాస్టల్ రూముల్లో చదివి, మన బతుకు కూడా రాయదగ్గదేనని తెలుసుకున్న తరం మాది. ఆకలి రాసినం, అంటు రాసినం, అవమానం రాసినం. రాయాలె కూడా. కానీ మన చేతులకు తెలిసిన విద్య గురించి మనం తక్కువ రాసుకున్నం. తోలు ఎట్ల పదునైతదో, బాయి ఎట్ల తవ్వుతరో, బండి ఎందుకు ఆగుతదో మనవాళ్లకు తెలుసు. దాన్ని తెలివి అని ఎవరూ అనలేదు గనుక మనం కూడా అనుకోలేదు. పైగా మా ఇంట్లో ఆ ఏడాది ఆకలీ అవమానమూ రెండూ ఒక డీజిల్ పైపు మీదనే ఆధారపడి ఉండె. అందుకే పైపు గురించి రాస్తున్న.

మాది చేవెళ్ల దిక్కు ఊరు. టమాట, క్యారెట్, ఆకుకూరలు పండే నేల. నేల వాళ్లది, కైకిలి మాది. తమ్ముడు పదేండ్లు వేరేవాళ్ల బండ్లు నడిపి, 2019లో ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ, బ్యాంకు అప్పు కలుపుకొని సొంతంగా ఒక డీజిల్ పికప్ తీసుకున్నడు. ఏదో కాయితం కోసం హైదరాబాద్ మాసబ్ ట్యాంకులోని సంక్షేమ భవన్‌కు వాని వెంట నేను కూడా పోయిన. ఆ భవనానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టిండ్రు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినాయన, ఈ దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. పేరు చదివి తమ్ముడు "మనోడేనా అన్నా?" అని అడిగిండు. "మనోడే" అన్న. వాడు ఒక్కసారి తలెత్తి మళ్లా చూసిండు.

బండి వచ్చింది. నెలకు 11,400 కిస్తీ, ఐదేండ్లు. ఏడాది తిరగకముందే 2020 లాక్‌డౌన్ పడ్డది. కిస్తీ కొన్నాళ్లు ఆపుకోవచ్చన్నరు గానీ వడ్డీ మాత్రం ఆగలేదు. బండి వెనక డాలా మీద పథకం పేరు రాసి ఉంటది. ఆ అక్షరాలు కడిగితే పోవు. ఎవరు చూసినా ఇది ఏ వాడ బండో తెలిసిపోతది.

రాత్రి రెండు గంటలకు ఊర్లో లోడ్ చేసుకొని, మొయినాబాద్ దాటి, లంగర్‌హౌజ్, మెహిదీపట్నం మీదుగా మాసబ్ ట్యాంక్ వస్తడు. అక్కడి నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట. అమీర్‌పేటలో కోచింగులకు వచ్చిన పిల్లల హాస్టళ్లు గల్లీ గల్లీకి ఉన్నయి గదా, వాటి మెస్సులకు కూరగాయలు వేస్తడు. ఆరింటి లోపల దించాలె. ఆలస్యమైతే మెస్సు వాళ్లు ఇంకొకరి దగ్గర తీసుకుంటరు. తెల్లారితే సిటీలో సామాను బండ్లకు పోలీసుల అడ్డు. అంటే వాని బతుకంతా ఆ నాలుగు గంటల్లోనే ఉంటది.

2022 మార్చిలో రోగం మొదలైంది. మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఎక్సలేటర్ తొక్కుతడు, బండి వినదు. రెండు సెకన్లు, మూడు సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు ఆగుతది. తర్వాత ఒక్క జర్కు కొట్టి అందుకుంటది. ఒకనాడు మూడుసార్లు వస్తది, మళ్ల రెండు రోజులు అసలే రాదు. ఒక తెల్లారగట్ల ఎత్తు మీద సగంలో గుంజుడు బందైంది. వెనక లారీ ఉంది. బండిలో యాభై టమాట బాక్సులు, పన్నెండు వందల యాభై కిలోలు. వెనక్కి జారబోతుంటే హ్యాండ్ బ్రేకు మీద నిలబెట్టిండు. ఇంటికి వచ్చినంక అవ్వకు చెప్పలేదు, నాకు చెప్పిండు. "అన్నా, బండి నడుము కాడ పట్టేస్తున్నట్టు అనిపిస్తది. ముందట కాదు, ఎనక" అన్నడు.

ఆ చుట్టుపక్కలనే మాసబ్ ట్యాంక్ పాలిటెక్నిక్ ఉంది. తమ్ముడు పది పాసైనప్పుడు పాలిటెక్నిక్ ఎంట్రన్స్ రాసిండు, ర్యాంకు కూడా వచ్చింది. కానీ ఇంట్లో ఒక్కరి బస్సు కిరాయికే పైసలున్నయి. నేను అప్పటికే డిగ్రీలో ఉన్న. అయ్య ఏం అనలేదు, వాడే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టిండు. డిప్లొమా చదివితే ఇంజన్ గురించి నేర్చుకుందునని వాని ఆశ. ఇంజన్‌ను వాడు ఆ గోడల బయటనే నేర్చుకున్నడు.

బండికి ఏమైందో చెప్పనోడు లేడు. ఒక మెస్సు ఓనరు అన్నడు: "సబ్సిడీల వచ్చిన బండి మీద పానం ఉంటదా? మీరు ఎట్ల పడితే అట్ల నడుపుతరు." ఊర్లో ఒక ఆసామి అన్నడు: "పైసలు మిగులుతయని కిరసనాయిలు కలుపుతుండొచ్చు." ఇంకొకాయన, "రాత్రి తాగి నడిపితే బండి ఆగక ఏమైతది" అన్నడు. మా తమ్ముడు కల్లు కూడా ముట్టడు. ఇది అందరికీ తెలుసు. తెలిసినా ఆ మాట అనబుద్ధి అయితది.

నగరంలోని ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకపోయినం. అక్కడి అడ్వైజర్ డాలా మీది అక్షరాలు చదివి, "సబ్సిడీ బండా?" అన్నడు. అది రోగానికి సంబంధించిన ప్రశ్న కాదు. కానీ వైద్యం ఆ ప్రశ్నతోనే మొదలైంది. ఖాళీ బండిని చదును రోడ్డు మీద ఒక రౌండు కొట్టి వచ్చిండ్రు. స్కానర్ పెట్టిండ్రు, ఏ కోడూ లేదన్నరు. "బండి బాగానే ఉంది, నువ్వే క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నవ్" అన్నడు. జాబ్ కార్డులో ఇంగ్లీషులో 'డ్రైవింగ్ హ్యాబిట్' అని రాసిండు. అంటే నడిపే అలవాటు బాగలేదని. రెండోసారి పోతే డీజిల్ ఫిల్టర్ మార్చి పంపిండ్రు. మూడోసారి పోతే పంపు, ఇంజెక్టర్లు మార్చి చూద్దాం, 68,000 అయితది, డీజిల్ కల్తీ కింద వస్తది గనుక వారంటీ వర్తించదు అన్నరు. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది. తప్పు డ్రైవరు కాలుదైతే పంపు ఎందుకు మార్చాలె? తప్పు పంపుదైతే డ్రైవరు మీద ఎందుకు రాయాలె? నేను ఇదే అడిగిన. "సార్, మీరు టీచరు గదా, మీకు బండ్ల సంగతి తెలియదు" అన్నడు. నాకు మర్యాద దొరికింది, జవాబు దొరకలేదు.

అక్కడ ఇంకొక సంగతి జరిగింది. మేం బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక హెల్పర్ పిల్లగాడు, చేతుల నిండ గ్రీసు ఉన్నోడు, తమ్ముని పక్కకు వచ్చి మెల్లగ అన్నడు: "అన్నా, ఖాళీ బండి మీద ఇది దొరకదు. లోడ్ మీద చూడాలె." వానికి తెలుసు. కానీ జాబ్ కార్డు మీద రాసే పెన్ను వాని చేతిలో లేదు. పెన్ను ఉన్నాయన బానెట్ కింద చెయ్యి పెట్టలేదు. 1936లో 'కుల నిర్మూలన' రాసినప్పుడు అంబేద్కర్ కులం పనిని పంచే ఏర్పాటు కాదని, పనిచేసే మనుషులనే మెట్లుమెట్లుగా విడగొట్టే ఏర్పాటని చూపించిండు. దాన్ని నేను బీఎడ్‌లో పరీక్ష కోసం చదివిన. ఆ గేటు దగ్గర కళ్లతో చూసిన. ముట్టుకున్నోడు రాయడు, రాసేటోడు ముట్టుకోడు. మధ్యలో నిజం ఎక్కడనో జారిపోతది.

వచ్చిపోయే రోగం అన్నిటికంటే మోసపు రోగం. కాలు విరిగితే అందరికీ కనిపిస్తది. ఎప్పుడో ఒకప్పుడు వచ్చే నొప్పిని ఎవరూ నమ్మరు. డాక్టరు దగ్గరికి పోయేసరికి తగ్గిపోతది. విమానాల మరమ్మతు చేసేవాళ్లు దీనికి ఒక పేరే పెట్టుకున్నరు, 'నో ఫాల్ట్ ఫౌండ్' అని. పైలట్ తేడా ఉందంటడు, నేల మీద పరీక్ష చేస్తే ఏమీ దొరకదు. ఆకాశంలోని చలి, అదురు, ఒత్తిడి నేల మీద ఉండవు గనుక దొరకదు. అక్కడ పైలట్ చెప్పిన మాటను రాసిపెడతరు, మళ్ల చూస్తరు. పైలట్ అబద్ధం ఆడుతున్నడని మొదలుపెట్టరు. మా తమ్ముని విషయంలో అక్కడి నుంచే మొదలుపెట్టిండ్రు. ఏమీ దొరకలేదు గనుక ఏమీ లేదు, ఏమీ లేదు గనుక తప్పు వీనిదే అన్నరు. ఈ లెక్క మనకు కొత్తది కాదు. మన పిల్లగాడు ఫెయిలైతే కోటా, పాసైనా కోటా. వేరేవాళ్ల పిల్లగాడు ఫెయిలైతే పేపరు కఠినం.

మాసబ్ ట్యాంక్ నుంచి ఆసిఫ్‌నగర్ దిక్కు పోయే ఒక గల్లీలో ఒక ముసలి మిస్త్రీ ఉన్నడు. మాసబ్ ట్యాంక్ అంటే మా సాహెబా తలాబ్. కుతుబ్‌షాహీల కాలపు చెరువు. చెరువు పోయి పేరు మిగిలింది. ఆ గల్లీలల్ల పేరు లేకున్నా పనితనం మిగిలిన మనుషులు ఇంకా ఉన్నరు. తమ్ముడు ఆయన్ని 'చాచా' అని పిలుస్తడు. రేకుల షెడ్డు, బోర్డు లేదు. ఆయన డాలా మీది అక్షరాల దిక్కు చూడలేదు. తమ్ముడు నాలుగు ముక్కలు చెప్పంగనే చెయ్యెత్తి ఆపి, "బేటా, అందరు చెప్పింది పక్కన పెట్టు. బండి ఎప్పుడు ఆగుతది, ఎప్పుడు ఆగదు, గంతే చెప్పు" అన్నడు. తర్వాత నా దిక్కు తిరిగి, "మాస్టర్ సాబ్, మీకు రాసుడు వస్తది గదా. ఒక నోట్‌బుక్కు పెట్టుండ్రి. పదిహేను ఇరవై రోజులు రాయుండ్రి. అప్పటిదాంక నేను ఒక్క పానా కూడా పట్ట" అన్నడు.

బడికి ఎండాకాలం సెలవులు. రోజూ తమ్ముని పక్కన కూర్చున్న. రెండు వందల పేజీల నోట్‌బుక్కు, ఏడు గళ్లు గీసుకున్న: తారీఖు, టైము, రోడ్డు, బరువు, డీజిల్ ముల్లు, ఇంజన్ వేడి, ఏమైంది. మొదటి పేజీ మీద తమ్ముడు చెప్పిన మాటను వాడు చెప్పినట్టే రాసిన: 'నడుము కాడ పట్టేస్తది, ముందట కాదు, ఎనక.' పదేండ్లు రాత్రీ పగలూ ఆ సీట్లో కూర్చున్నోని నడుముకు తెలిసిన సంగతి అది. దాన్ని ఏ గడిలో పెట్టాలో నాకు తెలియలేదు, అందుకే అన్నిటికంటే పైన రాసిన.

పంతొమ్మిది రోజులు రాసినం. పోయేటప్పుడు లోడ్, వచ్చేటప్పుడు ఖాళీ. ఖాళీగా వచ్చిన పంతొమ్మిదిసార్లల్ల బండి ఒక్కసారి కూడా ఆగలేదు. లోడ్‌తో పోయిన పంతొమ్మిదిసార్లల్ల పదకొండు నాడులు ఆగింది. ఆ పదకొండింట్లో పదిసార్లు డీజిల్ ముల్లు సగం కంటే కింద ఉంది. ఒక్కసారి సగం కంటే జర పైన ఉంది, ఆనాడు క్యారెట్ బస్తాలు, బరువు అన్ని రోజుల కంటే ఎక్కువ. చదును రోడ్డు మీద తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువ. ఇంజన్ వేడికీ దీనికీ పొత్తు లేదు. ఒక వారం నేను కావాలని వేరే బంకుల్లో డీజిల్ పోయించిన, దానితో కూడా పొత్తు లేదు. రెండు నాడులు వాని దోస్తు ఒకడు స్టీరింగు పట్టిండు. వాని కాలి కింద కూడా బండి అట్లనే ఆగింది. నోట్‌బుక్కులో ఆ రెండు వరుసల కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టిన.

చాచా ఆ నోట్‌బుక్కు చదివించుకొని విన్నడు. ఆయనకు తెలుగు మాట వస్తది, రాత రాదు. విన్నంక, "ఆధా కామ్ హోగయా" అన్నడు. సగం పని అయిపోయిందని.

ఇక్కడ జర సైన్సు చెప్పాలె. డీజిల్ ఇంజన్‌కు పెట్రోలు ఇంజన్ లెక్క స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగ నొక్కితే అది మండేంత వేడెక్కుతది, ఆ వేడి మీద డీజిల్ చల్లుతరు. ఇప్పటి బండ్లల్ల 'కామన్ రైల్' అని ఒక గట్టి గొట్టం ఉంటది. 1997 నుంచి కార్లల్లకు వచ్చిన పద్ధతి ఇది. పంపు ఆ గొట్టంలకు డీజిల్‌ను నొక్కి పెడతది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు, రెండున్నర బార్లు. ఆ గొట్టంలో బరువు మీద వెయ్యి బార్లు దాటుతది. ఈ బండిలో ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను ఎవరూ నెట్టరు. మనం గొట్టంతో బాయి నీళ్లు పీల్చినట్టు పంపే పీల్చుకోవాలె. గొట్టానికి ఎక్కడన్నా సన్నటి పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతది. కింద తడి ఉండదు, మరక ఉండదు, చూసేటోనికి ఏమీ కనిపించదు. డీజిల్‌ను నొక్కితే ఒదగదు, గాలిని నొక్కితే ఒదుగుతది. గాలి బుడగ చేరిందంటే పంపు ఎంత నొక్కినా ఒత్తిడి నిలవదు. అప్పుడే బండి ఊపిరి బిగబడతది. ట్యాంకులో డీజిల్ కిందికి పోయినకొద్దీ పైకి గుంజుడు కష్టం. బరువు పెరిగినకొద్దీ డీజిల్ ఎక్కువ కావాలె, పీల్చుడు గట్టిగ ఉండాలె. మా నోట్‌బుక్కులోని పదకొండు వరుసలు చెప్పింది ఇదే.

చాచా పరీక్ష ఒక్కటే. ట్యాంకు నుంచి ఫిల్టరుకు వచ్చే పైపును ఫిల్టరు దగ్గర విప్పిండు. ఐదు లీటర్ల డబ్బాలో మంచి డీజిల్ పోసి, కొత్త గొట్టంతో నేరుగా ఫిల్టరుకు కలిపిండు. డబ్బా నా కాళ్ల దగ్గర పెట్టిండు. లోడ్ నింపుకొని తెల్లారగట్ల ఫ్లైఓవర్ ఎక్కినం. ఆయన మధ్యలో కూర్చొని స్కానర్‌లో ఒత్తిడి అంకెలు చూస్తున్నడు. ఆ చిన్న మిషన్ పక్క షెడ్డు పిల్లగానిది, గంటకు ఇంతని కిరాయి. బండి ఒక్క జర్కు లేకుండ పైకి ఎక్కింది. మళ్ల దిగి మళ్ల ఎక్కినం. నాలుగుసార్లు. ఒక్కసారి కూడా ఆగలేదు. చాచా తమ్ముని తొడ మీద కొట్టి, "పంపు మంచిగుంది, ఇంజెక్టర్లు మంచిగున్నయి, నీ కాలు మంచిగుంది" అన్నడు. తమ్ముడు ఏం మాట్లాడలేదు. బండి పక్కకు ఆపి దిగి, అటు తిరిగి నిలబడ్డడు. 68,000 రూపాయల పంపు, వాని పదేండ్ల డ్రైవింగు, రెండూ ఒక్క డబ్బాతో నిర్దోషులని తేలినయి.

ఇక తప్పు ట్యాంకుకూ ఫిల్టరుకూ మధ్యనే ఉండాలె. చాచా డబ్బా తీసి పాత పైపునే మళ్ల కలిపిండు, మధ్యలో ఒక బారెడు కనపడే ప్లాస్టిక్ పైపు వేసిండు. దాన్ని బానెట్ సందులోంచి బయటికి తీసి అద్దం ముందట వైపరుకు కట్టిండు. చదును మీద పైపులో డీజిల్ తేరుకున్న నూనె లెక్క నిండుగ పారింది. ఎత్తు మొదలుకాంగనే ఒక బుడగ వచ్చింది. తర్వాత పెసరగింజలంత బుడగలు వరసగ. బుడగలు పోయిన రెండు సెకన్లకు బండి ఆగింది. స్కానర్‌లో పదకొండు వందలు ఉండాల్సిన అంకె ఏడు వందలకు పడ్డది. నేను భౌతికశాస్త్రం చెప్పే మనిషిని. ఇంత సక్కటి ప్రయోగం నేను ఏ ల్యాబులోనూ చూడలేదు.

షెడ్డుకు వచ్చినంక చాచా బండి కిందికి దూరిండు. ఖాళీ బండి మీద వెతికితే పైపంతా మంచిగనే ఉంది. "లోడ్ దించకుండ్రి" అన్నడు. బాక్సులు అట్లనే ఉంచి చూస్తే, వెనక ఇరుసు దగ్గర, ఛాసిస్‌కు పైపును పట్టి ఉంచే క్లిప్పు కింద, రబ్బరు గొట్టానికి గోటి గీతంత పగులు. బరువుకు కమాన్‌పట్టీలు ఒంగితే గొట్టం సాగి ఆ పగులు నోరు తెరుస్తది. బరువు దిగితే మూసుకుంటది. ఎనక. నడుము కాడ. నోట్‌బుక్కు మొదటి పేజీ మీద ఉన్న మాట అదే.

మా అయ్య ఆనాడు షెడ్డు దగ్గరనే ఉన్నడు. గొట్టాన్ని చేతిలకు తీసుకొని వంచి చూసి, "మోట లెక్కనే" అన్నడు. కరెంటు మోటార్లు రాకముందు బాయిలోంచి నీళ్లు తోడేది తోలు మోటతోనే. మా తాత తోలును సున్నంలో వేసి, తంగేడు చెక్కతో పదును పెట్టి, రంపెతో కోసి, ఆరెతో పొడిచి కుట్టేటోడు. పటేలు మనిషి వచ్చి "మోట కారుతుంది, సరిగ కుట్టలేదు, మేర ఇయ్య" అని తిట్టేటోడట. మోటను ఒడ్డు మీద పెట్టి నీళ్లు పోస్తే చుక్క కారదు. తాత మాట్లాడకుండ బాయి గడ్డకు పోయి, ఎడ్లను కట్టించి, నిండు మోటను సగం దాంక గుంజించి అక్కడ ఆపమనేటోడట. అప్పుడు ఎక్కడ కారుతదో కనిపించేది. అది కుట్టు కాడ కాదు, గిలక మీద ఆనే చోట తోలు అరిగి ఉండేది. గిలక పటేలుది. "ఒడ్డు మీద చూస్తే కుట్టినోని తప్పు కనిపిస్తది, బరువు మీద చూస్తే అసలు తప్పు కనిపిస్తది" అని తాత అనేటోడని అయ్య చెప్పిండు. ఆ మాట మా ఇంట్లోనే ఉంది. నేను ఎనిమిదేండ్లు కాలేజీలల్ల తిరిగి 'పరికల్పన, పరిశీలన, నిర్ధారణ' అని నేర్చుకున్నది మా తాత బాయి గడ్డ మీద చేసిండు. ఆయనకు మేరలో రెండు కుంచాల జొన్నలు ఎక్కువ రాలేదు, శాస్త్రవేత్త అన్న పేరు అసలే రాలేదు.

కొత్త గొట్టం 180 రూపాయలు, రెండు క్లిప్పులు 40, చాచా కూలి 600. అంతే అయింది. తర్వాత నేనూ తమ్ముడూ ఆ సర్వీస్ సెంటర్‌కు మళ్ల పోయినం. పైసల కోసం కాదు. జాబ్ కార్డు మీద రాసిన 'డ్రైవింగ్ హ్యాబిట్' కొట్టెయ్యమని. నోట్‌బుక్కు బల్ల మీద పెట్టినం, పగిలిన గొట్టం పెట్టినం. అడ్వైజర్ గొట్టం చూసిండు, నోట్‌బుక్కు తిప్పిండు. "సరే, మీ బండి బాగైంది గదా, ఇంకేంది?" అన్నడు. తమ్ముడు అప్పుడు నోరు తెరిచిండు. "సార్, బండి మంచిగైంది. నా మీద రాసింది ఇంక గట్లనే ఉంది" అన్నడు. గంట సేపు నిలబడ్డం. మేనేజరు వచ్చి, పాత కార్డు దిద్దుడు కుదరదన్నడు. మేం పోలేదు. ఆఖరికి కొత్త కార్డు తీసి, 'ట్యాంకు నుంచి ఫిల్టరుకు వచ్చే గొట్టం పగిలి గాలి పీల్చింది, నడిపే తీరులో లోపం లేదు' అని రాసి ముద్ర వేసిండు. ఆ కాయితాన్ని తమ్ముడు కిస్తీ రశీదుల కంటే భద్రంగా దాచుకున్నడు. 2024లో ఆఖరి కిస్తీ కట్టినం. బండి ఇప్పుడు వాని పేరు మీదనే ఉంది.

పగిలిన గొట్టం నా దగ్గర ఉంది. ఒత్తిడి పాఠం వచ్చినప్పుడు క్లాసుకు తీసుకపోత. ఒక చివర మూసి, బకెట్ నీళ్లల్ల ముంచి ఊదమంట. బుడగ రాదు. వంచి ఊదమంట. బుడగలు వస్తయి. పిల్లలు ఎగబడి చూస్తరు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లగాడు ఒకడు వారంలో రెండు రోజులు రాకపోయేది. రిజిస్టరులో వాని పేరు ఎదురుగ అంతకుముందు సారు 'శ్రద్ధ లేదు' అని రాసిండు. నేను వాని నాగాలకు కూడా ఒక నోట్‌బుక్కు పెట్టిన. అన్నీ అంగడి రోజులే. ఆ రోజుల్లో తల్లి అంగట్లో బుట్టలు మోయడానికి పోతది, ఇంట్లో రెండేండ్ల చెల్లె. శ్రద్ధ లేక కాదు, బరువు ఉండి. అంగడి రోజుల్లో చెల్లెను ఊర్లోని అంగన్‌వాడీలో కూర్చోబెట్టే ఏర్పాటు చేసినం. పిల్లగాడు వస్తుండు.

కార్యకర్తలకూ విద్యార్థులకూ నేను చెప్పేది చిన్న మాట. మన మీద రాసే కాయితాలు చాలా ఉన్నయి. జాబ్ కార్డులు, రిజిస్టర్లు, రిపోర్టులు, మార్కుల మెమోలు. వాటి మీద కోపం తెచ్చుకోవాలె, సరే. కోపంతో పాటు ఒక నోట్‌బుక్కు కూడా తెచ్చుకోవాలె. తారీఖు వేసి, టైము వేసి, బరువు వేసి రాయాలె. సీట్లో కూర్చున్నోని మాటను మొదటి పేజీ మీద వాడు చెప్పినట్టే రాయాలె. ఎవరన్నా మన మనిషి మీద 'అలవాటు' అనో 'మెరిట్ లేదు' అనో రాస్తే వాళ్లను నిలబెట్టి ఒక్కటి అడగాలె: ఖాళీ బండి మీద చూసి రాసినవా, బరువు మీద చూసి రాసినవా?